పది ఫొటోల్లో ఏడోది

"మేడం, కదలకండి," అన్నాడు సీమోను నాలుగోసారి.

ప్రార్థన కదలకుండా నిలబడలేకపోతోంది. చున్నీ సర్దుకుంటుంది, వాచీ చూసుకుంటుంది, పుస్తకాలు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటుంది. ఆదోనిలో తాను మూడేళ్లు చదివిన డిగ్రీ కాలేజీ వరండా అది. పెళ్లికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. ఎదురుగా కాబోయే భర్త అమర్‌నాథ్ విద్యార్థిలా కనబడాలని భుజానికి సంచి తగిలించుకుని, నవ్వు సిద్ధం చేసుకుని నిలబడ్డాడు.

సీమోనుకు ఊళ్లో స్టూడియో ఉంది. పెళ్లికి ముందు జంటలకు ఫొటోలు తీయడంలో పేరున్నవాడు. ఈ ఇద్దరూ కాలేజీలో ప్రేమించుకున్నవాళ్లని తెలియగానే అతనికి హుషారు వచ్చింది. మొదటి చూపు నుంచి నిశ్చితార్థం దాకా పది ఫొటోల్లో కథంతా చెబుతానన్నాడు. రిసెప్షన్‌లో పెద్ద తెర మీద అవి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. పదింటికీ ఒక జాబితా రాసుకొచ్చాడు. రెండోది పుస్తకాలు జారిపడటం, అబ్బాయి వంగి ఏరివ్వడం.

"మా పుస్తకాలు ఎప్పుడూ కింద పడలేదు సీమోనన్నా," అంది ప్రార్థన.

"పడితే పడనీలే. ఫొటోనే కదా," అన్నాడు అమర్.

అసలు సంగతి వేరు. తుగ్గలి దగ్గర ఒక పల్లెలో ఎన్నెస్సెస్ క్యాంపు జరిగినప్పుడు ఇద్దరికీ బడి గోడకు సున్నం కొట్టే పని పడింది. అమర్‌కు అంతకుముందు చేత్తో కుంచె పట్టిన అలవాటు లేదు. సున్నం కంట్లో పడి కేకలు పెట్టాడు. ప్రార్థన బిందెడు నీళ్లు తెచ్చి, అతని తల వెనక్కి వంచి, కన్ను తెరిపించి కడిగింది. ఆ సాయంత్రం తీసిన గ్రూపు ఫొటోలో నలభై మంది ఉన్నారు. వెనక వరసలో అమర్ ఒంటికన్నుతో ఉన్నాడు. వాళ్లిద్దరూ కలిసి ఉన్న మొదటి ఫొటో అదే. సీమోనుకు పంపితే, "ఇది తెర మీద బాగుండదు మేడం, సారు కన్ను మూసుకున్నారు," అని పక్కన పెట్టేశాడు.

దానికే చిరాకా అంటే కాదు. జాబితాలో ఏడోది చదివినప్పటి నుంచి ఆమెకు మనసు నిలవడం లేదు. 'ఎమ్మిగనూరు బస్టాండు. అమ్మాయి ఎదురుచూస్తుంటుంది. అబ్బాయి గులాబీలతో బస్సు దిగుతాడు.'

"ఇది నీకు ఎవరు చెప్పినారు?" అని పొద్దున్నే అడిగింది సీమోనును.

"సారే. మీరు ఆడ సారు కోసం ఎదురుచూసేవారంట కదా?"

ఎదురుచూసేవారు కాదు. ఎదురుచూసింది. ఒక్కసారి.

ప్రార్థన తండ్రి సేతుమాధవరావు ఎమ్మిగనూరు హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరైన మేష్టారు. అమర్ తండ్రి ఇంద్రసేనయ్యది ఆదోనిలో పత్తి వ్యాపారం. కులాలు వేరు. ఇంట్లో మాట్లాడే భాషలు కూడా వేరే, వీళ్లింట్లో కన్నడం, వాళ్లింట్లో తెలుగు. డిగ్రీ ఆఖరి పరీక్షలు అయిపోయాక ఒక ఆదివారం అమర్ ఎమ్మిగనూరు రావాలని, ఇద్దరూ కలిసి సేతుమాధవరావు ముందు కూర్చుని విషయం చెప్పేయాలని అనుకున్నారు. పది గంటలకు బస్టాండులో కలుస్తానన్నాడు. మాట్లాడటానికి ఒకరు వస్తున్నారని ఆమె ఇంట్లో చెప్పి ఉంచింది. ఆమె వాళ్లమ్మ ఇల్కల్ చీర కట్టుకుని పోయి నిలబడింది. రెండింటిదాకా నిలబడింది. ఫోను స్విచాఫ్. మరునాడు ఫోను చేసి, బస్సు దారిలో చెడిపోయిందని, ఛార్జింగు అయిపోయిందని చెప్పాడు. ఆమె నమ్మింది. నమ్మినా, ఆ తర్వాత ఎందుకో ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. బీఎడ్‌కు కర్నూలు పోయింది. ఏడాది తర్వాత అమర్ తనంతట తానే వచ్చి సేతుమాధవరావుతో మాట్లాడాడు. ఆయన కాదన్నాడు. ఇంద్రసేనయ్య కూడా కాదన్నాడు. రెండిళ్లూ మెత్తబడేసరికి మరో ఐదేళ్ల పైనే పట్టింది.

ఇదంతా తెర మీద వేయడానికి పనికొచ్చేది కాదని ఆమెకూ తెలుసు. అయినా ఆ రోజు గులాబీలేవీ లేవు.

గొడుగు ఫొటో, లైబ్రరీ ఫొటో, క్యాంటీన్ ఫొటో అయ్యాయి. "వాన పడినప్పుడు ఒకే గొడుగు," అని సీమోను అంటే, "ఆదోనిలో వాన యాడ పడింది అన్నా, మూడేండ్లలో?" అని అమర్ చెల్లెలు ఇందు నవ్వింది. ఇందు ఇప్పుడు ఇదే కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. వదిన బట్టల సంచీ, దువ్వెన పట్టుకుని పొద్దున్నుంచీ వెంట తిరుగుతోంది. ఆరో ఫొటో కాలేజీ బయట ఆగిన బస్సు కిటికీలో తీశారు. అందులో ప్రార్థన మొహం చెదిరిపోయి వచ్చింది. మళ్లీ తీశారు. మళ్లీ చెదిరింది.

పదకొండింటికి నలుగురూ అమర్ కారులో ఎమ్మిగనూరుకు బయలుదేరారు. పత్తి లారీలు ఎదురొస్తున్నాయి. రోడ్డు పక్క తుమ్మ కంపల మీద దూది చిక్కుకుని ఉంది. పెద్దకడుబూరు వైపు దారి చీలే చోట అమర్ అద్దంలోంచి వెనక్కి చూసి, "ఏమప్పా, మాట్లాడవు?" అన్నాడు.

"తలనొప్పి."

"అయిపోతుందిలే. ఇంకా నాలుగే ఉండాయి."

బస్టాండు దగ్గర ముగ్గురినీ దింపి, కారు ఎక్కడైనా నిలిపి, గులాబీలు కొనుక్కొస్తానని అమర్ వెళ్లాడు. సీమోను ఎండ ఎటు పడుతుందో చూసుకుంటూ కొంచెం దూరంలో తిరుగుతున్నాడు. ప్రార్థన రేకుల కప్పు కింద ఒక స్తంభం దగ్గరికి పోయి నిలబడింది.

"సరిగ్గా ఈడనే ఇందూ," అంది. "నాలుగు గంటలు. ప్రతి బస్సుకూ లేచి చూసేదాన్ని. మీ అన్న బస్సేమో దారిలో చెడిపోయింది."

ఇందు తలెత్తింది. "బస్సు సెడిపోవడమేంది వదినా?"

"ఆ ఆదివారం. మా నాన్నతో మాట్లాడాలనుకున్న రోజు."

"అన్న ఆ పొద్దు ఈడికి వచ్చినాడు కదా?"

"ఎవరు చెప్పినారు?" అంది ప్రార్థన.

ఇందు ఆగలేకపోయింది, లేదా ఆగాలని తెలియలేదు. "సాయంత్రం ఇంటికొచ్చి మిద్దె మీద కూర్చోని ఏడ్సినాడు వదినా. నాకప్పుడు పద్నాలుగేండ్లు. నీళ్లు తీస్కపోయినా. 'పోయి సూసి వచ్చేసినా ఇందూ, దగ్గరికి పోలేకపోయినా' అన్న్యాడు. మీకు సెప్పినాడనే అనుకున్నా నేను. ఇన్నేండ్లూ..." అని చటుక్కున నోరు మూసుకుంది.

అమర్ గులాబీల గుత్తి పట్టుకుని నవ్వుతూ వస్తున్నాడు. ప్రార్థన అతను దగ్గరికొచ్చేదాకా ఆగింది.

"ఆ ఆదివారం బస్సు ఎక్కడ చెడిపోయింది అమర్?"

అతను చెల్లెలి వైపు చూశాడు. ఇందు తల దించుకుంది. అతని చేతిలో పూలు కిందికి వాలాయి.

"సెడిపోలేదు," అన్నాడు.

"వచ్చినావా?"

"వచ్చినా."

"ఎంతసేపున్నావు?"

"గంట... గంటన్నర."

"యాడ?"

అతను చెయ్యెత్తి రోడ్డుకు అవతల ఉన్న టీ హోటలు చూపించాడు. ప్రార్థన ఆటోల మధ్య నుంచి రోడ్డు దాటింది. హోటలు ముందు బల్ల పక్కన నిలబడి వెనక్కి తిరిగింది. అక్కడి నుంచి స్తంభం కనిపిస్తోంది, దాని పక్కన నిలబడ్డ ఇందు కనిపిస్తోంది, ఇందు చెవి కమ్మలు కూడా కనిపిస్తున్నాయి. ముప్పై అడుగుల దూరం కూడా లేదు.

అమర్ వెనకే వచ్చాడు.

"ఏం చూసినావు, గంటన్నర?" అంది.

"ప్రార్థనా, పోనీ..."

"ఏం చూసినావో చెప్పు."

అతను పూలు బల్ల మీద పెట్టాడు. "నీకంటే ముందే వచ్చి ఈడ కూర్చోనింటి. ఎర్ర అంచు చీర కట్టింటివి. సపోటాలు కొన్నావు. పక్కన ఒక ముసలామె కూర్చోనింటే ఆమెకు రెండు ఇచ్చినావు. ఆదోని బస్సు వచ్చినప్పుడంతా కొంగు సర్దుకొని ముందుకొచ్చేదానివి. అందరూ దిగిపోయినాక కూడా లోపలికి తొంగి సూసేదానివి, నేను సీట్లో నిద్రపోయినానేమో అన్నట్ల. మూడు బస్సులు అట్ల సూసినావు. నాలుగోది తిరుగు బస్సు. అది రోడ్డు మీదికి వచ్చినాక నేను ఎనక నుంచి ఎక్కి పోయినా."

"ఎందుకు?"

"ఐదో సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయినాయి. నీకు సెప్పలేదు. మీ నాయన మొదట మార్కులే అడుగుతాడనిపించె." అతను ఆగి మొహం తుడుచుకున్నాడు. "అది కాదులే. అది సాకు. నీ మొగంలో అనుమానమే లేదు ఆ పొద్దు. వస్తాడు, ఎందుకు రాడు అన్నట్ల నిలబడింటివి. అంత నమ్మకం నేను యాడ మోసేది అని భయమైంది. మా నాయన గుర్తుకొచ్చినాడు. కాళ్లు రాలేదు."

ప్రార్థనకు ఏడుపు రాలేదు. రాకపోవడాన్ని ఆమె ఏనాడో క్షమించింది. వచ్చి, చూస్తూ కూర్చుని, ఆమె మూడో బస్సులోకి తొంగి చూసేదాకా చూసి వెళ్లిపోవడం ఆమెకు ఇప్పుడే తెలిసింది. దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

తిరిగి రోడ్డు దాటి స్తంభం దగ్గరికి పోయింది. అమర్ కదలబోయాడు.

"నువ్వు ఆడనే ఉండు," అని అరిచింది. బస్టాండులో నలుగురు తిరిగి చూశారు. "సీమోనన్నా, ఏడోది తియ్యి."

"మేడం, సారు పూలతో..."

"పూలు లేవు. ఇట్లే తియ్యి."

సీమోనుకు ఏమీ అర్థం కాలేదు. అయినా తీశాడు. ఆ ఒక్క ఫొటోకి ఆమె కదల్లేదు.

తర్వాత, "మిగతా మూడూ వద్దన్నా. నువ్వూ ఇందూ బస్సులో పోండి," అని, అమర్‌ను పిలిచింది. "ఇంటికి పోదాం రా. నేనొక్కదాన్నే కాదు ఆ రోజు ఎదురుచూసింది."

ఇల్లు బస్టాండు నుంచి పది నిమిషాల నడక. పక్క వీధిలో మగ్గాలు ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. సేతుమాధవరావు వసారాలో పేపరు చదువుతున్నాడు. ఇద్దరినీ చూసి, "అప్పుడే అయిపోయిందా మీ ఫొటోలు?" అన్నాడు.

"అప్పా, ఈయన నీకొక మాట చెప్పాల," అంది ప్రార్థన.

అమర్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఆ ఆదివారం వచ్చింది, హోటల్లో కూర్చున్నది, చూసింది, పోయింది, బస్సు మీద అబద్ధం చెప్పింది, అంతా. చెబుతున్నంతసేపూ ప్రార్థన తల్లి సరస్వతీబాయి వంటింటి గుమ్మంలో నిలబడి వింది.

"ఆ రోజు హోళిగ చేసింటిని," అంది ఆమె చివరికి. "నీకోసమే. ఈయనేమో ఇస్త్రీ పంచె కట్టుకొని కూర్చున్నాడు. రాత్రికి ఆ బొబ్బట్లు మేమే తిన్నాము."

సేతుమాధవరావు పేపరు మడిచాడు. "అమర్‌నాథ్, ఒక మాట చెబుతాను. ఆ రోజు నువ్వు లోపలికి వచ్చింటే నేను ఒప్పుకొనేవాణ్ణి కాదు. గట్టిగా అరిచేవాణ్ణి. నువ్వు దడుచుకున్నావంటే అందులో వింతేమీ లేదు, ఇరవై ఏళ్ల పిల్లవాడివి. కానీ దడుచుకున్నానని ఆ సాయంత్రం ఒక్క ఫోను చేసింటే సరిపోయేది. ఏడేండ్లు నింద ఆ బస్సు మీద వేసినావు."

"తప్పే సార్."

"నాకు కాదు. ఆమెకు చెప్పు."

"చెప్పినాడు అప్పా," అంది ప్రార్థన. "నాకే ఏం చేయాలో తెలియడం లేదు."

గేటు దాకా అతనితో వచ్చింది. చెప్పుల్లో కాళ్లు పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

"పెళ్లి ఈ మాఘంలో వద్దు," అంది.

"అంటే... వద్దేనా?"

"వద్దేనని అనలేదు. ఇప్పుడు వద్దన్నా. నీ పక్కన నిలబడితే నాకు కాలు ఒకచోట నిలవడం లేదు అమర్. పీటల మీద అట్లా కూర్చోలేను. వైశాఖానికి పోదాం."

"కార్డులు సగం పంచేసినాం. మా నాయనకు ఏమని సెప్పాల?"

"అది నువ్వే చెప్పాల. బస్సు చెడిపోయిందని మాత్రం చెప్పొద్దు."

తర్వాత మూడు రోజులు ఆమెకు ఎలా గడిచాయో ఆమెకే తెలుసు. తాను లెక్కలు చెప్పే బడిలో తొమ్మిదో తరగతికి ఒకే లెక్క రెండుసార్లు చేయించింది. అతను చెప్పడనే అనుకుంది. ఏదో ఒక సాకు వెతుకుతాడు, ఆరోగ్యం అంటాడు, జాతకం అంటాడు. ఒకసారైతే, అలా చేస్తేనే నయం, ఈ సంబంధం వదిలేయడానికి సులభంగా ఉంటుంది అని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇందు ఫోను చేసింది.

"వదినా, అన్న అంగట్లో అందరి ముందర సెప్పినాడు. దళారీలు, గుమాస్తాలు అంతా ఉన్నారు. పెండ్లి వైశాఖానికి మార్చాల నాయనా అన్న్యాడు. ఆ పిల్లకేమైంది అని నాయన అరిసె. 'ఆ పిల్లకేం కాలేదు, నేను ఆమెకు ఏడేండ్లు అబద్ధం సెప్పినా, తప్పు నాది' అన్న్యాడు. నాయన పది నిమిషాలు తిట్టినాడు వదినా. అన్న తల వంచలేదు, ఎదురు మాట్లాడలేదు. ఊరికే నిలబడినాడు."

"మరి మామ ఏమన్నాడు?"

"'అయితే నువ్వే ఇల్లిల్లూ తిరిగి తేదీ మారిందని సెప్పురా. ఎందుకని అడిగితే అదీ సెప్పు' అన్న్యాడు. అన్న ఇప్పుడే కార్డులు ఇచ్చినోళ్ల పట్టీ తీసుకొని బైక్ మీద పోయినాడు."

ప్రార్థన ఫోను పెట్టేసింది. నమ్మాలో లేదో తెలియలేదు. నమ్మకం అనే మాటే ఆమెకు ఇప్పుడు బరువుగా ఉంది.

ఆ వారం చివర్లో బడిలో తోటి టీచరు యశోద ఆమె దగ్గరికి వచ్చి కూర్చుంది. యశోద రోజూ ఆదోని నుంచి వస్తుంది. "నిన్న మీ ఆయన మా ఇంటికి వచ్చినాడప్పా. కాబోయే ఆయన. తేదీ మారిందన్నాడు. మా అత్తకు నోరు ఊరుకోదు కదా, ఎందుకు నాయనా అని అడిగింది. 'నేను పిరికితనం చేసి ఒక మాట దాచిపెట్టినా అమ్మా. ఆమెకు తెలిసింది. కొంచెం టైం అడిగింది' అన్నాడు. మా అత్త ఏమనాలో తెలియక మజ్జిగిచ్చి పంపింది."

ప్రార్థనకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది. యశోద బిత్తరపోయి చూస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

ఆ సాయంత్రం తనే ఫోను చేసింది.

"ఎన్ని ఇండ్లు అయినాయి?"

"నూట ముప్పై." అతని గొంతు బొంగురుపోయి ఉంది. "ఇంకా డెబ్బై ఉండాయి. ఒక్కోరు మొత్తం అడుగుతాండారు. కొందరు కూర్చోబెట్టి బుద్ధి సెప్తాండారు."

"ఎమ్మిగనూరు పేర్లు నాకు పంపు. నేను పోతా."

"వద్దులే. అవి కూడా నేనే తిరుగుతా."

"ఇద్దరం పోదాం," అంది. కోపం తీరిపోయిందా అని అతను అడగలేదు. అడిగి ఉంటే లేదనే చెప్పేది.

పెళ్లి వైశాఖంలో అయింది. ఎండ మండిపోతుండగా, మంటపంలో కూలర్లు హోరుమంటుండగా అయింది. కొంతమంది రాలేదు. వచ్చినవాళ్లకు ఈ ఆలస్యం సంగతి ముందే తెలుసు కాబట్టి గుసగుసలకు పెద్దగా పనిలేకపోయింది. సాయంత్రం రిసెప్షన్‌లో సీమోను తెర వేశాడు. పదింటికి బదులు ఆరు ఫొటోలే ఉన్నాయి. పుస్తకాలు, గొడుగు ప్రార్థన తీసేయించింది. తుగ్గలి గ్రూపు ఫొటో మొదట పెట్టించింది. బస్టాండు ఫొటో మీద సీమోను చివరిదాకా వాదించాడు. "మేడం, ఇందులో సారు లేరు. మీరేమో కోపంగా ఉన్నారు. పెళ్లిలో ఎవరైనా ఇట్లాంటిది వేస్తారా?" అన్నాడు. ఆమె వినలేదు.

ఆ ఫొటో తెర మీదకు వచ్చినప్పుడు పెద్దకడుబూరు నుంచి వచ్చిన అమర్ పెద్దమ్మ ముందు వరసలోంచి లేచి వేదిక దగ్గరికి వచ్చింది. ఆమెకు కొంచెం చెవుడు, గట్టిగా మాట్లాడుతుంది.

"ఒరేయ్, దీంట్లో పెండ్లికొడుకు యాడప్పా?"

"ఆడే ఉన్నా పెద్దమ్మా," అన్నాడు అమర్ అంతే గట్టిగా. "ఎదురుంగ హోటల్లో. రోడ్డు దాటలేదు."

"ఏమిటికి?"

"భయపడినా."

"థూ నీ! ఎంతసేపున్నావు రా ఆడ?"

"ఒక గంట."

"గంటన్నర," అంది పక్క కుర్చీలోంచి ప్రార్థన. "మూడు బస్సులు పోయినాయి పెద్దమ్మా. నాలుగోదాంట్లో ఎక్కి పోయినాడు."

ముసలామె నడుము మీద చేతులు పెట్టుకుని, మెడలో పూలదండలతో కూర్చున్న ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వెనక ఫొటోలు తీయించుకోవడానికి చుట్టాలు వరసలో ఎదురుచూస్తున్నారు. ఆమె వాళ్లను పట్టించుకోలేదు. కుర్చీ ఒకటి లాక్కుని వేదిక అంచునే కూర్చుంది.

"మొదట్నుంచి సెప్పండి," అంది.

అమర్ మొదలుపెట్టాడు. ప్రార్థన మధ్య మధ్యలో ఆపి, తప్పులు దిద్దుతూ పోయింది.